సగం సినిమాకు సగం బడి

సొట్టలు పడిన గిన్నెలే కావాలని మా అంగడికి వచ్చిన మనిషి ఆయనొక్కడే. మాది స్టీలు సామాన్ల అంగడి. మా ఊరి బంగారు గనులు నడిచిన కాలంలో జీతాల రోజు వచ్చిందంటే మా నాయనకు బిందెలూ టిఫిన్ క్యారియర్లూ అందించడానికి చేతులు చాలేవి కావు. గనులు మూతపడ్డాక అదే జనం అవే బిందెలు మోసుకొచ్చి, పాతవాటికి ఏమిస్తారని అడగడం మొదలుపెట్టారు. అంగడి వెనక గదిలో సొట్టల సామాను గుట్టలు పడింది. దాన్ని కరిగించడానికి లారీకెత్తడమే మాకు తెలుసు. ఎవరైనా వండుకునే మొహంతో వచ్చి కొంటారని అనుకోలేదు.

"కొత్తవి చూపించనా సార్?" అన్నాను.

"వద్దు మేడం. వాడినవే కావాలి. అడుగు మాడి ఉంటే ఇంకా బాగుంటుంది."

బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాడు. చిన్న వయసు, పెద్ద గడ్డం. నేను మాడిన గిన్నెకు కొత్తదాని కన్నా ఎక్కువ ధర చెప్పాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా నాయన దగ్గాడు. ఆ దగ్గుకు మా ఇంట్లో అర్థం "కాస్త సిగ్గుపడు" అని. ఆ గడ్డమాయన మాత్రం మారుమాట లేకుండా డబ్బిచ్చేసి, బస్తాలో వేయించుకున్నాడు. బేరమాడని మనిషిని చూస్తే మా వాళ్లకు జాలీ వేస్తుంది, భయమూ వేస్తుంది. నాకు మాత్రం ఆ పూట గర్వమే మిగిలింది.

మా కోలారు బంగారు గనుల మీద, ఇక్కడి పిల్లల మీద సినిమా తీస్తున్నానని, గిన్నెలు అందుకేనని చెప్పాడు. పాటలుండవట, ఫైట్లుండవట. ఇరాన్ సినిమాల్లా ఉంటుందట. ఇరాన్ అంటే నాకు పెట్రోలూ ఖర్జూరాలూ తప్ప ఏమీ తెలియదు. ఆ మాటే అంటే, మరుసటి రోజు లాప్‌టాప్ తెచ్చి, మా అంగట్లో ఇడ్లీ పాత్రల మధ్య పెట్టి చూపించాడు. తర్వాత ఎండ దిగే వేళకు రోజూ వచ్చేవాడు. ఎవరూ కొనడానికి రాని వేళ అది. నాకూ పని లేదు.

చాలా చూశాను. సిగ్నల్ దగ్గర ఆగిన కార్ల అద్దాలు తుడిచే పిల్లలు, ఎత్తు కన్నా పెద్ద గోతాలు మోసుకుంటూ చెత్త కుప్పల్లో ఏరుకునే పిల్లలు. ఊరు కాని ఊరి నుంచి వచ్చి, కాగితాలు లేక, బడి గేటు బయటే నిలబడిన పిల్లలు. కెమెరా తొందరపడదు. పిల్లవాడు తల గోక్కుంటే ఆగుతుంది. గోడ వైపు చూస్తే తనూ గోడ వైపు చూస్తుంది. ఒకదాంట్లో ఒక చిన్నపిల్ల, పొద్దంతా ఏరిన ప్లాస్టిక్ సంచి తూకానికి పెట్టి, తూచేవాడి మొహం వైపు చూస్తుంది. ఆ చూపు దగ్గర నాకు కన్నీళ్లు వచ్చాయి. ఏడ్చే గిరాకీకి కూడా ధర తగ్గించని మనిషిని, ఎప్పుడూ చూడని దేశపు పిల్ల కోసం కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్ల వైపు నుంచి కాక, తూచేవాడి వైపు నుంచి ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఇంకొకటి మాత్రం అడిగాను. "ఆ పిల్లకి ఏమిచ్చినారు సార్?"

"ఎవరికి?"

"సినిమాలో చేసింది గదా, ఆ పిల్లకి."

ఆయన ఆలోచించాడు. "తెలీదు మేడం. అసలు విషయం అది కాదు."

"మా అంగట్లో అయితే అదే సార్ అసలు విషయం."

ఆయన నవ్వాడు. నేను చమత్కరించానని అనుకున్నాడు.

ఆడపిల్లలందరి తలకూ ఎప్పుడూ గుడ్డ ఎందుకుంటుందని కూడా అడిగాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నా, నిద్రపోతున్నా తీయరు. అది అక్కడి చట్టమని, తెర మీద ఆడవాళ్ల జుట్టు కనిపించకూడదని చెప్పాడు. "అయినా చూడండి, ఎంత నిజంగా ఉంటాయో" అన్నాడు.

సరిగ్గా అలాంటి ఒక సాయంత్రమే ఆ పిల్ల గోతం ఈడ్చుకుంటూ వచ్చింది. చాంపియన్ రీఫ్స్ గని దగ్గర, కార్మికులకు వరసగా కట్టిన పాత లైన్ ఇళ్ల నుంచి వస్తుంది. పదేళ్లుంటాయి. పడిపోయిన షెడ్ల దగ్గర ఇనుప ముక్కలు, రేకులు ఏరి మాకు తెచ్చేది. గోతం అడుగున తడిమట్టి వేసి బరువు పెంచేది. నేను గోతం బోర్లించి మట్టి దులిపించేదాన్ని. "ఓ, మట్టి యట్ల వచ్చిందక్కా ఇందులోకి!" అని నాకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయేది. మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మర్యాద ఉండేది.

ఆ రోజు గోతం దించి, లాప్‌టాప్ వైపు చూసి, తూకం జరుగుతున్న చోట ఆగిపోయింది. "ఆ యప్ప తక్కెడని బొటనవేలితో నొక్కతా ఉండాడు. ఆ పిల్ల సూడనేలేదు, పిచ్చిమొగం" అంది.

దర్శకుడు ఆ పిల్ల మాట వినలేదు. జుట్టు చూస్తున్నాడు. ఎండకు రాగిరంగు తిరిగి, నూనె ఎరగక, మొహం చుట్టూ లేచి నిలబడిన జుట్టు. వెనక నుంచి వెలుతురు పడి అంచులు మెరుస్తున్నాయి. మా నాయన అయితే "పేలు పడతాయి, దువ్వుకో" అంటాడు. దర్శకుడు రెండు చేతుల వేళ్లతో చతురస్రం కట్టి అందులోంచి చూశాడు.

"ఈ జుట్టు... మేడం, ఈ పిల్లే" అన్నాడు.

కొనేవాడి మొహంలో ఆ వెలుగు కనిపించిందంటే, అమ్మేవాడు అక్కడి నుంచి ఏ మాటన్నా అనవచ్చు. నేను గోతం పక్కకు జరిపి, ఆయనకు కుర్చీ వేశాను.

ఆ పిల్ల తల్లి నాకు ముందే తెలుసు. మొగుడు బెంగళూరులో వాచ్‌మన్ పనికని రోజూ రైలెక్కేవాడు. తర్వాత వారానికొకసారి వచ్చాడు. తర్వాత రావడం మానేశాడు. వానలు తగ్గగానే ఆమె పిల్లను వెంటబెట్టుకుని మాలూరు వైపు ఇటికెల బట్టీకి పోతుంది. మళ్లీ వానలకు తిరిగి వస్తుంది. తిరిగి వచ్చేసరికి బడిలో పిల్ల పేరు ఉండదు. మళ్లీ బతిమాలి చేర్చడం, మళ్లీ బట్టీ. పిల్ల మూడో తరగతినే తిరిగి తిరిగి చదువుతోంది. కబురు పెడితే తల్లి పని చీరతోనే వచ్చి అంగడి మెట్టు మీద కూర్చుంది. పిల్లను సినిమాకు పంపితే డబ్బెంత అడగమంటావన్నాను.

"దుడ్డు వద్దక్కా. దుడ్డిస్తే తినేస్తాం. నేను బట్టీకి పోయినా అది బడిలో ఉండల్ల. హాస్టలు ఉండే బడి. అంతే నాకు కావల్సింది."

దర్శకుడికి తెలిసినవాళ్లు బెంగళూరులో అలాంటి బడి ఒకటి నడుపుతున్నారని మాటల్లో లాగాను. సీటు ఇప్పించడం కష్టమన్నాడు. అయితే ఇలాంటి పిల్ల దొరకడమూ కష్టమే అన్నాను. ఒక సంవత్సరం అన్నాడు. ఒక సంవత్సరానికి పిల్ల అన్నం తినడం మాత్రమే నేర్చుకుంటుంది, పదో తరగతి దాకా అన్నాను. ఆయన లేచాడు. నేను ఆపలేదు. గిరాకీ లేచినప్పుడు ఆపకూడదని మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"పదో తరగతి దాకా. షూటింగ్ అయ్యాక, జూన్‌లో చేర్పిస్తాను. సరేనా మేడం?"

"చేయి కలపండి సార్, నాతో కాదు, ఆమెతో."

కలిపాడు. తల్లి చేయి చీరకు తుడుచుకుని మరీ అందించింది. అడ్వాన్స్‌గా పిల్లకు ఒక గౌను కుట్టించమన్నాను, దానికీ ఒప్పుకున్నాడు. మా బజారులో అడ్వాన్స్ చేతికి వచ్చిందంటే బేరం ముగిసినట్టే. ఆ రాత్రి ఇంట్లో ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆయన మాటలు తగ్గాయి, నావి పెరిగాయి.

షూటింగ్ మొదలైన పూట నుంచే మా జనానికీ ఆయనకూ పొత్తు కుదరలేదు. ఫోటో అంటే స్నానం, పౌడరు, బొట్టు, జారకుండా దువ్విన తల. లైన్ ఇళ్ల తల్లులు తమ పిల్లలను అలాగే తయారు చేసి, గోడల పక్కన వరసగా నిలబెట్టారు. అసిస్టెంట్లు తడిగుడ్డలతో ఆ పౌడరు తుడుస్తుంటే ఒకావిడ అరిచింది: "మేమేం దిక్కులేనోళ్లమా? మురికిగా సూపిస్తే నలుగురూ నన్ను ఏమంటారు?" దర్శకుడు నన్ను పిలిచాడు. నిజంగా ఉండటం ఎంత ముఖ్యమో ఆవిడకు చెప్పమన్నాడు. నాకు తెలిసినంతలో ఆవిడ నిజం పౌడరుతోనే ఉంటుంది. ఆ మాట మింగేసి, "సినిమాలో ఇట్లే ఉండల్లంటమ్మా, తర్వాత మళ్లీ రుద్దుకోండి" అన్నాను.

మా పిల్ల మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండా చేసింది. రేకులు ఏరింది, మెట్లెక్కింది, మూసిన గని షాఫ్టు కంచె పక్కన నడిచింది. "నేను దినామూ చేసే పనే గదా, ఊరికే సూస్తా ఉండారు" అని నాతో అంది. సగం పైన అయ్యాక మూసిన గనుల ఆవరణ లోపల తీయడానికి అనుమతి కాగితం రాలేదని అందరూ బెంగళూరు వెళ్లిపోయారు. కొన్ని వారాల్లో వస్తామన్నారు.

ఆ మధ్యలో ఒక పొద్దున తల్లీ కూతురూ అంగడికి వచ్చారు. తల్లి తలస్నానం చేసి, ఉన్న ఒక్క పట్టుచీర కట్టింది. చేతిలో లడ్డు ప్రసాదం. వెనకాల పిల్ల, అడ్వాన్స్‌గా కుట్టించిన ఆ గౌనులో. తల నున్నగా ఉంది. దాని మీద గంధం పసుపుగా ఆరిపోయింది.

"నోరు తెరువక్కా" అని తల్లి నా నోట్లో లడ్డు పెట్టింది. "కొండకి పోయొచ్చినాం. దీనికి చదువు దొరికితే తలనీలాలు ఇస్తానని ఎప్పుడో మొక్కుకున్నా. దొరికింది గదా. ఇచ్చిన దేవునికి ఆలస్యం చేస్తే, ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడు. అందుకే ఇంగ నిలబడలేదు, ఉన్నపళంగా బస్సెక్కేసినాం."

నా నోటి నిండా లడ్డు. మింగడానికి కాలేదు, ఉమ్మడానికి లేదు.

"యట్లుంది అక్కా?" అని పిల్ల గుండు తడుముకుంది. "సల్లగా ఉండాది."

ఏమని చెప్పను? జుట్టు కోసమే ఆయన నిన్ను కొన్నాడని తల్లి ఎదుట, ప్రసాదం నమిలే నోటితో చెప్పగలనా? పదో తరగతి దాకా, హాస్టలు, జూన్ నెల, గౌను అన్నీ బేరమాడాను. తల మీద జుట్టు ఉన్నంత కాలమే అని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన దృష్టిలో అది చెప్పనవసరం లేని విషయం. తల్లి దృష్టిలో బేరం ముగిసింది కాబట్టి మొక్కు తీర్చడం కూడా చెప్పనవసరం లేని విషయమే.

ఆయన తిరిగి వచ్చి పిల్లను చూసినప్పుడు అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. అరిచేవాడితో బేరం ఆడవచ్చు. కుర్చీలో కూర్చుని తల పట్టుకున్నాడు. "ఎందుకమ్మా?" అన్నాడు తల్లితో. ఆమె మొక్కు సంగతి చెప్పింది, కాస్త గర్వంగానే. ఆమెకింకా అర్థం కాలేదు.

"మేడం, సగం సినిమాలో జుట్టుంది. ఇప్పుడు లేదు. ఒకే రోజు జరిగే కథ ఇది."

నేను నా అంగడి అంతా తెరిచాను. కథలో పిల్లకు గుండు చేయించండి అన్నాను. మా ఊళ్లో ఏ బడికి పోయినా ఇద్దరు ముగ్గురు గుండు పిల్లలు కనిపిస్తారు, అంతకన్నా నిజం ఏముంది అన్నాను. చూసేవాళ్లు పిల్లకు జబ్బు అనుకుంటారన్నాడు. పెట్టుడు జుట్టు అన్నాను. నవ్వులాటగా ఉంటుందన్నాడు. చివరికి నా దగ్గర మిగిలినది బయటికి తీశాను.

"మీరు చూపించిన ఇరాన్ సినిమాల్లో ఏ పిల్లకైనా జుట్టు కనబడిందా సార్? అందరికీ తలగుడ్డే గదా! ఆ గుడ్డతోనే నన్ను ఏడిపించినారు. దీనికీ ఒక గుడ్డ కట్టండి. ఎండ అని చెప్పండి, దుమ్ము అని చెప్పండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో నేను గెలిచాననుకున్నాను.

"అది వాళ్ల నిజం మేడం. మనకు అది అబద్ధమవుతుంది. మొదటి సగంలో గుడ్డ లేదు కదా."

"సరే సార్. అయితే సగం సినిమా చేసింది గదా. సగం సినిమాకు సగం బడి ఇప్పించండి. పదో తరగతి వద్దు, ఏడో తరగతి దాకా."

ఆయన పెద్దగా నవ్వాడు. నా భుజం తట్టి, "మీరు సినిమాలో ఉండాల్సింది" అన్నాడు. నా జీవితంలో నేను వేసిన బేరాల్లో అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వేసినది మరొకటి లేదు.

మెట్టు మీద కూర్చున్న తల్లికి అప్పుడు అర్థమైంది. లేచి పిల్ల చేయి పట్టుకుని వెళ్లిపోయింది. తన దేవుడి మీద కానీ ఆయన మీద కానీ ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం మర్నాడు బజారులో ఎదురుపడి అడిగింది: "అంత నోరుండాది గదక్కా నీకు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, దేవుణ్ణి నేను జూన్ దాకా ఆపుకొని ఉండనా?"

పక్కనున్న ఊరిగాం నుంచి కొత్త పిల్ల దొరికింది. టీచరు కూతురు. నల్లగా, ఒత్తుగా, పొద్దూ మాపూ నూనె తాగిన జుట్టు. దాన్ని షాంపూతో రుద్ది, ఏదో రంగు పూసి, మట్టి చల్లి, మా పిల్ల జుట్టులా చేయడానికి ఒక మనిషి ప్రత్యేకంగా వచ్చాడు. టీచరమ్మ తీరిగ్గా కుర్చీలో కూర్చుని చూసింది, ప్యాకప్ కాగానే తలంటి పోసింది. ఆ పిల్లకు ఇనుము ఏరడం రాదు. వంగినప్పుడల్లా గౌను సర్దుకునేది. మా పిల్ల కంచె అవతల నిలబడి, "అట్ల కాదు, మోకాలు వంచల్ల" అని నేర్పింది. అందరూ మెచ్చుకున్నారు.

వానలు పోయాయి. మాలూరు లారీ వచ్చింది. తల్లీ కూతురూ ఎక్కారు.

సినిమా పూర్తయి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి బెంగళూరులో ఒక హాల్లో వేశారు. ఆయన మర్యాదస్తుడు, నన్ను పిలిచాడు. రైలెక్కి వెళ్లాను. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. బాగుంది సినిమా. అబద్ధం చెప్పను, బాగా తీశాడు. దూరం నుంచి తీసిన చోట్ల మా పిల్లే, వెనక నుంచి నడుస్తోంది. దగ్గరకు వస్తే టీచరు కూతురు. నా పక్కన ఒకామె ముక్కు చీదింది. అయిపోయాక ప్రశ్నలు. ఎవరో అడిగారు, ఈ సినిమా వల్ల ఆ పిల్లలకేమైనా మేలు జరిగిందా అని.

ఆయన మైకు పట్టుకుని బాధగా చెప్పాడు. ఒక పిల్లను బడిలో పెట్టాలని మేం చాలా ప్రయత్నించాం, కానీ తల్లి మూఢనమ్మకాల వల్ల కుదరలేదు, పేదరికంలో అసలు సమస్య అదే అని. హాలంతా అయ్యో అంది.

నేను లేచాను. "ఆ యమ్మ మాట తప్పలేదు సార్. చెప్పిందంతా చేసింది. దేవునికి గూడా బాకీ ఉంచలేదు. మాట తప్పింది మీరు. ఆ పిల్ల మాలూరు బట్టీలో ఇటికెలు తిరగేస్తా ఉండాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది.

ఆయన నా వైపు చేయి చాపాడు. "విన్నారా? ఈ గొంతు... ఈ గొంతు కోసమే నేను ఈ సినిమా తీశాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి నన్ను చూసి మరీ కొట్టాడు. నాకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

బయట కాఫీ దగ్గర ఆయనే వచ్చాడు. నిజంగానే నొచ్చుకున్నట్టున్నాడు. జూన్‌లో మళ్లీ మాట్లాడదాం, బడివాళ్లకు చెబుతాను, పిల్లను తీసుకురండి అన్నాడు. కాగితం మీద రాసి ఇవ్వమని అడగబోయి, చప్పట్లు గుర్తొచ్చి మానుకున్నాను. తిరుగు రైల్లో మాలూరులో దిగి, ఆటో మాట్లాడుకుని బట్టీకి వెళ్లాను.

ఎండలో పచ్చి ఇటికెలు వరసలు వరసలుగా ఆరుతున్నాయి. పిల్ల ఒక్కో ఇటికెను పక్కకు తిప్పుతూ వస్తోంది. నన్ను చూసి చేతులు దులుపుకుంది. తల్లి మట్టి తొక్కే గుంటలోంచి బయటికి రాలేదు. గుంట గట్టున నిలబడి చెప్పాను. జూన్ అంట, ఆయనే అన్నాడు, తీసుకురమ్మన్నాడు.

తల్లి తొక్కడం ఆపకుండా అంతా విన్నది.

"ఈ తూరి ఏం ఇయ్యాలంట?" అని అడిగింది.

ఏమీ వద్దన్నాడని చెప్పాను.

"అట్లయితే వద్దులే అక్కా. ఏమీ అడగనోళ్లకి మనం ఏం తప్పు చేస్తామో ముందుగా యట్ల తెలుస్తుంది?"

వాదించాను. నాకు వచ్చిన విద్య అదే. ఎండలో నిలబడి చాలాసేపు వాదించాను. ఆమె పాదాలు మట్టిలో మునుగుతూ తేలుతూ ఉన్నాయి. మేస్త్రీ దూరం నుంచి ఎవరామె అని కేకేశాడు. "ఎవరూ కాదప్పా, పాత సామాన్ల అంగడామె" అని ఆమె బదులు కేకేసి, కూతురు వైపు చూసి, ఆ వరస ఎండ తిరిగేలోపల అయిపోవాలని చెప్పింది. పిల్ల వంగింది. మోకాళ్లు వంచి, టీచరు కూతురికి తను నేర్పినట్టే.